చల్లని పక్క

డిసెంబరు చివర, ఆటోనగర్ నాలుగో రోడ్డులో నా షాపుకి
పెరుగు బకెట్‌లో పామును పెట్టుకుని వచ్చారు విశాలాక్షిగారు.
మూతకి చిల్లులు. బకెట్ చుట్టూ ఆవిడ పాత శాలువా.
"మోటార్లు చుడతావు, కోడిపిల్లల పెట్టెలు బాగుచేస్తావు,
దీనికో ఇల్లు కట్టు దానియేలూ."

పైవాటా కుర్రాడు ఖాళీ చేస్తూ వదిలేసిపోయాడట.
ఆఫ్రికా జాతి, విషం లేదు, కాగితాలున్నాయి, పేరు జంతిక.
చుట్టుకుంటే నిజంగా జంతికే,
నూనెలోంచి అప్పుడే తీసినట్టు.

ఆవిడ మెల్లగా తిరగేసి చూపించారు.
పొట్ట కింద నాలుగు వరసల పొలుసులు
మాడిన అట్టు అంచులా ఉన్నాయి.
వేడిరాయి అట. ప్లగ్గు పెడితే చాలన్నారట.

"కాలుతుంటే పక్కకి జరగదా అమ్మా?"
"జరగదు. కిందనుంచి కాలేది దానికి ఆలస్యంగా తెలుస్తుంది.
వెచ్చన దొరికిందని పడుకునే ఉంటుంది, పిచ్చిది."

నాకు నవ్వొచ్చింది, చెప్పొద్దూ.
బెజవాడలో వేడి కొనుక్కోవడమా!
మే నెలలో బస్టాండు ముందు నిలబడితే ఊరికే పోస్తారు.
పాముకి పాలు పోస్తే ఏమవుతుందో సామెత ఉంది,
ఎంత వేడి పెట్టాలో ఏ ముసలమ్మా చెప్పి పోలేదు.

కట్టాను. నాలుగడుగుల పొడుగు, రెండడుగుల లోతు,
ముందు జరిగే అద్దం, అద్దానికి తాళం.
తల పట్టే సందు దొరికితే ఒళ్లంతా పట్టినట్టే దానికి.
వేడిచాప పెట్టె అడుగున, బయటివైపు, మూడోవంతుకే.
చాప నోటికి థర్మోస్టాట్ కళ్లెం.
లోపల టేపు వద్దన్నారు, పొలుసు అంటుకుని ఊడొస్తుందట.
సెన్సరు తీగని చెక్కకి క్లిప్పు వేసి బిగించాను.
కింద కొబ్బరిపొట్టు.

అరచెయ్యి పెట్టి చూశాను. బాగానే ఉంది.
కానీ ముప్పయ్యేళ్లు టంకం తిన్న అరచెయ్యి, దాని సాక్ష్యం చెల్లదు.
ముంజేతి లోపలివైపు ఆనించాను, చురుక్కుమంది.
మీటరు పెట్టాను.
నలభై ఒకటి.
ముప్పై రెండుకి దించేసరికి రెండు రోజులు పట్టింది.

"రెండో వైపు ఏం పెట్టమంటారు?"
"ఏమీ పెట్టకు. అటు చల్లగా ఉండాలి.
ఇటో కుండపెంకు, అటో కుండపెంకు. రెండూ ఇరుగ్గా, రెండూ చీకటిగా.
ఎక్కడుండాలో అది చూసుకుంటుంది."

ఫిబ్రవరిలో ఒక రాత్రి ఫోను.
క్లిప్పు ఊడి సెన్సరు నీళ్లగిన్నెలో పడింది.
నీళ్లు చల్లగా ఉన్నాయి కదా,
పాపం యంత్రం నమ్మకంగా వేడి పెంచుతూనే ఉంది.
పటమట దాకా మోపెడ్ మీద పోయి చూస్తే
జంతిక అటు చివర, చల్లని పెంకు కింద,
ముక్కు ఒక్కటి బయటపెట్టి నాకేసి చూస్తోంది.
నా పనితనం కాదు దాన్ని కాపాడింది, నేనేమీ పెట్టని చోటు.
రెండో కటాఫ్ బిగించి, టీ తాగి వచ్చేశాను.
డబ్బులు తీసుకోలేదు.

తర్వాత మే వచ్చింది.

గుణదల కొండవాలున మా అద్దె గది.
మీద రేకు. వెనక గోడంటూ లేదు, కొండే.
పగలంతా మింగిన ఎండని ఆ రాయి రాత్రంతా కక్కుతుంది.
దానికి ప్లగ్గు లేదు, పీకడానికి.
పదకొండు గంటలకి కరెంటు పోయింది.
మా సలోమి రాతికి వీపానించి కూర్చుని
తడిగుడ్డతో మెడ తుడుచుకుంటోంది.
"కొంచెం ఇటు జరగరాదూ" అన్నాను.
"ఎటు?" అంది.

కోపంగా కాదు. నిజంగానే అడిగింది.
పదకొండేళ్లుగా ఇదే గదిలో ఉంటూ
నేను ఎప్పుడూ చూడని కొలత అది.

సంచీలోంచి మీటరు తీసి, ఆమె వీపు పక్కన రాతికి పెట్టాను.
నలభై ఒకటి.

ఆదివారం పొద్దున తూర్పుగోడ దగ్గర
సుత్తి, ఉలి తీసుకుని కూర్చున్నాను.
కిటికీ అంటే కిటికీ కాదు, పెంకంత చోటు.
మెట్ల కిందనుంచి ఇంటాయన అరుస్తున్నాడు.
సలోమి చీపురు పట్టుకుని, నవ్వాలో వద్దో తెలియక నిలబడింది.
మూడో ఇటుక కదిలింది.